ర్యాంకు అడగని అడ్మిషన్

‘అన్నా, జీఆర్‌ఈ 318, సీజీపీఏ 8.1. ఏ యూనివర్సిటీ వస్తుంది?’

ఆగస్టు వచ్చిందంటే జూనియర్ల నుంచి నా వాట్సాప్‌కి ఇవే మెసేజ్‌లు. వాళ్లను అనడానికేం లేదు. ఎంసెట్ ర్యాంకు చెబితే చాలు, ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందో పక్కింటి అంకుల్ కూడా చెప్పేసే చోట పెరిగాం మనం. ఒకే కాలమ్ మీద సార్ట్ కొట్టి, పైనుంచి సీట్లు పంచడం మనకు అలవాటు.

అమెరికాలో ఎమ్మెస్, పీహెచ్‌డీ అడ్మిషన్లు చాలాచోట్ల అలా నడవవు. అక్కడ హోలిస్టిక్ రివ్యూ అంటారు. మార్కులు, సిఫార్సు లేఖలు, ఎస్‌ఓపీ, ప్రాజెక్టులు, మీరు ఎక్కణ్నుంచి ఎలా వచ్చారు... అన్నీ కలిపి చూస్తారన్నమాట.

వినడానికి బాగుంది కదా? పుట్టుక మాత్రం అంత బాగోలేదు. 1920ల్లో హార్వర్డ్ లాంటి చోట్ల యూదు విద్యార్థులు చదువుతో సీట్లు తెచ్చుకుంటుంటే, వాళ్ల సంఖ్య తగ్గించడానికి ‘వ్యక్తిత్వం’ చూడటం మొదలుపెట్టారు. తలుపులు మూయడానికి చేసిన ఆ తాళంచెవితోనే తర్వాతి తరాలు తలుపులు తెరవాలని చూశాయి.

ఇక కోర్టుల కథ. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ స్కూల్ 100 సీట్లలో 16 మైనారిటీలకు విడిగా పెట్టింది. అలాంటి కోటా చెల్లదని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చని మాత్రం ఒప్పుకుంది. 2003లో మిషిగన్ యూనివర్సిటీ మీద ఒకే రోజు రెండు తీర్పులొచ్చాయి. డిగ్రీ అడ్మిషన్లలో మైనారిటీలకు 150కి 20 పాయింట్లు నేరుగా కలిపే పద్ధతిని కొట్టేశారు. లా స్కూల్ ఒక్కో ఫైలునూ విడివిడిగా చదివే పద్ధతి 5-4తో గట్టెక్కింది.

20 ఏళ్లకు అదీ పోయింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదని కోర్టు తేల్చేసింది. ఆసియా మూలాలున్న పిల్లలకు ‘పర్సనల్ రేటింగ్’ తక్కువేస్తున్నారన్నది హార్వర్డ్ మీదున్న ఆరోపణల్లో ఒకటి. అయితే ఆ తీర్పులోనే ఓ కిటికీ ఉంది. జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో అభ్యర్థి రాసుకుంటే, అందులో కనిపించే ధైర్యాన్నీ, సామర్థ్యాన్నీ చూడొచ్చు.

మరి మనకేంటి? 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాల్లో మనమే ఫస్ట్. అంటే కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్ల కుప్పలో ‘ఇండియన్’ అన్నది మిమ్మల్ని వేరుగా చూపించదు. మీ కథే చూపించాలి.

కానీ ఆ కథనే మనం కన్సల్టెన్సీకి అప్పజెప్పేస్తాం. మా జూనియర్ ఒకమ్మాయిది జనగామ దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. వాళ్ల నాన్న పాల కేంద్రం నడుపుతారు. లీటర్లు, వెన్న శాతం చూసి రైతుల డబ్బులు లెక్కగట్టడానికి సెకండియర్‌లోనే ఈ అమ్మాయి ఫోన్‌లో పనిచేసే చిన్న యాప్ రాసింది. కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన ఎస్‌ఓపీలో ఆ ముక్కే లేదు. ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే మక్కువ’ అని ఉంది. అడిగితే, ‘పాల గురించి రాస్తే చీప్‌గా ఉంటుందన్నారు అన్నా’ అంది.

తర్వాత తనే కూర్చుని మళ్లీ రాసింది. నాలుగు రిజెక్టులు, రెండు అడ్మిట్లు వచ్చాయి. పాల కేంద్రం వల్లే వచ్చాయని నేను చెప్పను. ఎందుకిచ్చారో, ఎందుకివ్వలేదో వాళ్లు చెప్పరు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే.

ఇంకోటి. జూలీ పోసెల్ట్ అనే పరిశోధకురాలు పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీల్లో కూర్చుని గమనించి 2016లో పుస్తకం రాశారు. పైకి హోలిస్టిక్ అన్నా, మొదటి వడపోతలో చాలామంది ప్రొఫెసర్లు జీఆర్‌ఈ, కాలేజీ పేరు మీదే ఆధారపడ్డారని అందులో ఉంది. కాబట్టి స్కోరు అక్కర్లేదనుకోకండి. అడిగేచోట అది గేటు. గేటు దాటాక మాట్లాడాల్సింది మీరు.

అందుకే రెండు మాటలు. సిఫార్సు లేఖ మీరే టైప్ చేసి సార్ దగ్గర సంతకం తీసుకోకండి. మీ ప్రాజెక్టు నిజంగా చూసినవాళ్లనే అడగండి. అది ముందు న్యాయం కాదు, పైగా ఒకే క్లాసు నుంచి ఒకేలాంటి నాలుగు లేఖలు వెళ్తే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. రెండోది, కష్టాన్ని అమ్ముకోవద్దు. పేదరికం గురించి రెండు పేరాలు ఏడవడం కన్నా, ఆ పరిస్థితిలో మీరేం చేశారో రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఒక్క నంబరే న్యాయమని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ నంబరు వెనక రెండేళ్ల కార్పొరేట్ కాలేజీ ఫీజు ఎవరు కట్టారో నంబరు చెప్పదు. మనిషిని చదివేవాళ్లు పొరబడొచ్చు, పక్షపాతం చూపొచ్చు. కానీ చదవడానికి మీరక్కడ ఉండాలి కదా!

డిసెంబర్ డెడ్‌లైన్లు దగ్గరికొస్తున్నాయి. మీ ఎస్‌ఓపీ తెరవండి. మీ పేరు తీసేసి మీ ఫ్రెండ్ పేరు పెట్టినా అతికిపోతోందా? అయితే అది మీది కాదు.