తీగకు నాడి చూడడం

పాలు పలచబడితే గిన్నెలోకి చూడగానే తెలిసిపోతుంది. ఇంటర్నెట్ తీగ సంగతి అలా కాదు. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి ముఖం మాత్రం తెర మీద ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. ఫోను చేస్తే కంపెనీవారు “లోపం మీ ఇంట్లోనే ఉందండీ” అంటారు. “కాదు, మీ తీగలోనే” అని మనం అంటాం. ఈ తగవు తీర్చేదెవరు?

తీర్చే ఉపాయం తీగలోనే ఉన్నది. ఈథర్నెట్ అనే పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ప్రభృతులు రూపొందించారు. అది ఒకే కార్యాలయంలోని యంత్రాలను కలపడానికి. ఏదైనా చెడితే లేచి వెళ్లి చూసుకోవచ్చు. అదే ఈథర్నెట్ వీధులు దాటి బయటికి వచ్చేసరికి, రెండవ కొస ఎవరి ఇంట్లోనో ఉంటుంది. మనిషిని పంపి చూడాలంటే ఒక పూట పడుతుంది. అందుచేత 2004లో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 802.3ఏహెచ్ అనే ప్రమాణం వెలువరించింది. దానిని “మొదటి మైలు ఈథర్నెట్” అంటారు. టెలిఫోను వారి లెక్కలో మన ఇల్లు “చివరి మైలు”; వీరు మాత్రం చందాదారు గుమ్మం నుంచే లెక్క మొదలుపెట్టారన్నమాట!

అందులో మొదటిది నాడి. రెండు కొసల్లోని యంత్రాలూ మామూలుగా సెకనుకొక చిన్న సందేశం పంపుకుంటాయి. అయిదు సెకన్లపాటు అవతలినుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, సంబంధం తెగిందని లెక్క.

రెండవది తప్పుల పట్టిక. పంపిన పొట్లాల్లో చెడిపోయి వస్తున్నవి హద్దు మీరితే, మనం ఫిర్యాదు చేయకముందే కంపెనీకి కబురు వెళుతుంది.

మూడవది ఎదురు పరీక్ష. “వచ్చింది వచ్చినట్లే తిప్పి పంపు” అని కంపెనీవారు మన వైపు యంత్రానికి ఆజ్ఞ ఇస్తారు. వంద పొట్లాలు పంపితే వందా క్షేమంగా తిరిగి వచ్చాయనుకోండి, ఆ తీగ నిర్దోషి. ఇంట్లోని వైఫైనో, పైదారినో వెతకాలి. తొంభయ్యే వస్తే, ఇల్లుగలవారిని నిందించి లాభం లేదు. అయితే పరీక్ష జరిగినంతసేపూ మన రాకపోకలు నిలిచిపోతాయి గనుక, ముందు చెప్పి చేయడం మర్యాద.

నాలుగవదాని పేరు వింటే మనసు చివుక్కుమంటుంది: “ఆఖరి ఊపిరి”. కరెంటు పోగానే, యంత్రం లోపల దాచుకున్న రవంత విద్యుత్తుతో “నేను పోతున్నాను” అని చెప్పి మరీ ఆరిపోతుంది. గునపం దెబ్బకు తీగే తెగితే ఈ మాట చేరదు. కనుక పోయింది కరెంటా, తీగా అన్నది కూర్చున్నచోటే తెలుస్తుంది. వానలో నిచ్చెన మోసుకుని వచ్చే కుర్రవాడికి ఒక వృథా ప్రయాణం తప్పుతుంది. మన ఇళ్లకు వచ్చే ఫైబరు పద్ధతులు కొన్ని వేరైనా, వాటిలోనూ ఈ ఆఖరి ఊపిరి ఉన్నది.

ఇదంతా ఒక్క తీగ వరకే. అనేక మజిలీల దారిలో ఎక్కడ ఆగిందో కనిపెట్టడానికి 2007లో 802.1ఏజీ అనే మరో ప్రమాణం వచ్చింది.

ఇన్ని ఉన్నా తగవులెందుకు? మొదటి ప్రమాణంలో ఈ నాడి చూసే ఏర్పాటు తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. యంత్రంలో ఉండాలి, ఉన్నదాన్ని పనిచేయించాలి, వచ్చిన కబురును ఎవరో ఒకరు చదవాలి. ఒంటరిగా ఉంటూ డాక్టరుతో తెర మీదే మాట్లాడే పెద్దవారికి ఇది చిన్న విషయం కాదు. కనుక ఈసారి “లోపం మీ ఇంట్లోనే” అన్నప్పుడు కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట అడగండి: “తీగను పరీక్షించి చెబుతున్నారా, ఊహించి చెబుతున్నారా?”