జట్టు మారినా పాట నిలిచింది

మొన్న ఆదివారం మా అబ్బాయి తన ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి, "నైనా, ఇదేం భాష?" అన్నాడు. గిటార్ల హోరు, డ్రమ్ముల మోత. వాటి నడుమ త్యాగయ్యగారి నళినకాంతి రాగ కృతి! "మన తెలుగే గదరా!" అంటే వాడు నమ్మలేదు.

పాడినవారు బెంగుళూరు 'అగం' జట్టు. వారి మొదటి ఆల్బమ్ 2012లోను, ఈ కృతి ఉన్న రెండవది, 'ఎ డ్రీమ్ టు రిమెంబర్', 2017లోను వెలువడ్డాయి. ఇన్నేళ్లలో వాయించేవారు కొందరు మారారు. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ మలయాళీ. తిరువైయ్యారులో పుట్టిన తెలుగు పాటను ఆయన నిలబెడుతూంటే, విరుదునగర్ తెలుగు కుర్రవాడు అదేం భాష అని అడుగుతున్నాడు!

మా వీధి భజనగోష్ఠిలోనూ మృదంగం వాయించేవారు బదిలీమీద వెళ్లేవారు, హార్మోనియం చేతులు మారేది. అయినా పాట ఆగలేదు. మాటలు అందరి నోటా ఉండేవి గనుక. నేడు వాద్యాలకు కొదవలేదు. మాటలే జారిపోతున్నవి.

ఆ రాత్రి మాటమాటకూ అర్థం చెప్పబోయాను. రెండుచోట్ల నేనే తడబడి నిఘంటువు తీశాను. వాడు తమిళ అక్షరాలలో రాసుకున్నాడు. కోప్పడలేదు, తెలుగు అక్షరాలు నేర్పనిది నేనే గదా! మరునాడు ఆఫీసునుంచి వస్తూ పలక కొన్నాను.