వయసైపోయిందని వదిలేయకండి

పదేళ్లు దాటిన కుక్క గిన్నెలో అన్నం వదిలేస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ‘‘పాపం, దానికీ వయసైపోయింది. సహించడం లేదు.’’ ఆ మాటలో ప్రేమ ఉంది, జాలీ ఉంది. కానీ ఆ మాట అనుకుని ఊరుకోవడం వల్లే వైద్యం అందాల్సిన వారం రోజులు చేజారిపోతాయి. వయసు మీద పడితే కుక్క తిరుగుడు తగ్గిస్తుంది, తిండీ కాస్త తగ్గిస్తుంది. నిన్నటిదాకా లొట్టలేసుకుంటూ తిన్న కోడిమాంసాన్ని ఇవాళ వాసన చూసి వెనక్కి తగ్గిందంటే మాత్రం తప్పు వయసుది కాదు. ఒంట్లో ఏదో తేడా చేసింది.

తినలేదన్న సంగతి కంటే ఎలా తినలేదన్నదే ఎక్కువ చెబుతుంది. ఆత్రంగా గిన్నె దగ్గరికొచ్చి, ముద్ద నోట్లో పెట్టుకుని కింద పడేస్తే, ఒక దవడతోనే నములుతుంటే నొప్పి నోట్లో ఉన్నట్టు. మూడేళ్లు దాటిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఎంతో కొంత చిగుళ్ల జబ్బు ఉంటుంది. పదేళ్లకు పళ్ల మీద గార పేరుకుని, లోపల కుళ్లిన పన్ను ఉన్నా ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. కుక్క ఏడవదు కదా. గిన్నె వైపు చూసి మొహం తిప్పుకుని, మూతి నాక్కుంటూ చొంగ కారుస్తుంటే కడుపులో తిప్పుతోందని అనుమానించాలి. నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి మానేస్తే రక్తం, మూత్రం పరీక్ష చేయించి కిడ్నీల సంగతి తేల్చుకోవాలి.

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే ఇంకో ప్రమాదం ఉంది. ఎద అయిపోయిన కొన్ని వారాలకు గర్భాశయంలో చీము పట్టవచ్చు. అప్పుడూ కనిపించేవి ఇవే లక్షణాలు: నీళ్లు ఎక్కువ తాగడం, తిండి ముట్టకపోవడం, మందకొడిగా పడి ఉండడం. చీము బయటికి కనిపించాలనేం లేదు. అది రేపటిదాకా ఆగే జబ్బు కాదు.

మన వాతావరణంలో పిడుదుల జ్వరాన్నీ మరవకూడదు. గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, జ్వరం వస్తుంది, అన్నం సహించదు. రక్తపరీక్షలో తేలితే డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్‌ను నాలుగు వారాల పాటు వాడిస్తారు. రెండు రోజుల్లో తినడం మొదలెట్టగానే మాత్రలు ఆపేసేవాళ్లున్నారు, అలా ఆపకూడదు. మనుషుల జ్వరం మాత్ర ఇవ్వడం ఇంకా ప్రమాదం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

కారణం తెలిశాక, వైద్యం నడుస్తుండగా, తినిపించే నేర్పు పనికొస్తుంది. ఇక్కడ ముక్కుదే పెత్తనం. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 అయితే కుక్కకు 1,700 మాత్రమే. వాసన పట్టే కణాలు మాత్రం మనకు 60 లక్షల దాకా ఉంటే దానికి 10 కోట్లకు పైమాటే. వయసుతో ఆ శక్తి కూడా తగ్గుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం ముసలి కుక్కకు తిండిలా తోచదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేలా వేడిచేస్తే వాసన పైకి లేస్తుంది. కోడిమాంసం ఉడికించిన నీళ్లు నాలుగు చెంచాలు కలిపితే ఇంకా మంచిది. ఆ నీళ్లలో ఉప్పు, మసాలా, అల్లంవెల్లుల్లి ముద్ద ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలో ఎర్రకణాలను విరగ్గొడతాయి. ఆ ఫలితం కొన్ని రోజులకు గానీ బయటపడదు కాబట్టి, మొన్న పెట్టిన బిర్యానీ మీదికి ఎవరి అనుమానమూ పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి.

అన్నం పెట్టొచ్చా అని అడిగేవాళ్లకు జవాబు ఉంది. మనిషి పంచన చేరాక కుక్క పిండిపదార్థాలను అరిగించుకోవడం నేర్చిందని, అందుకు తోడ్పడే జన్యువు ప్రతులు తోడేలు కంటే దానిలో చాలా ఎక్కువని 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తేల్చారు. పెట్టొచ్చు. కానీ ఉత్త పెరుగన్నంతో పొద్దుపుచ్చితే ముసలి కుక్క తొడల కండ కరిగిపోతుంది. వయసొచ్చిందని మాంసకృత్తులు తగ్గించడం మన దగ్గర పాతుకుపోయిన పొరపాటు నమ్మకం. ఆరోగ్యంగా ఉన్న ముసలి కుక్కకు అవి తగ్గకూడదు. ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, మెత్తగా చిదిమిన ఎముకల్లేని చికెన్ పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క మారుతుంది, అది డాక్టరు చెప్పాలి.

రెండు పూటల తిండిని నాలుగు చిన్న పూటలు చేయాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున, పొద్దుగూకాక పెడితే మధ్యాహ్నం ముట్టనిది అప్పుడు తింటుంది. గ్రానైట్ నేల మీద కాళ్లు జారుతుంటే కీళ్లనొప్పుల కుక్క గిన్నె దగ్గర నిలబడడానికే భయపడుతుంది. కింద రబ్బరు మ్యాట్ వేసి, గిన్నెను చిన్న పీట మీద పెడితే మెడ వంచే బాధ తప్పుతుంది. మాత్రను అన్నంలో దాచకూడదు. ఒక్కసారి చేదు తగిలిందా, ఆ గిన్నెనే అనుమానిస్తుంది. మాత్ర వేరే ముద్దలో, వేరే వేళలో ఇవ్వాలి.

బలవంతంగా సిరంజితో నోట్లో పోసే పని అసలే వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. వాంతి భావాన్ని తగ్గించే మారోపిటాంట్ వంటి మందులున్నాయి. కేవలం కుక్కల ఆకలి పెంచడానికే కాప్రోమోరెలిన్ అనే మందును అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతించింది. ఏది సరిపోతుందో పరీక్షలయ్యాకే తెలుస్తుంది.

ముసలి కుక్క ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాంతులు, విరేచనాలు, ఉబ్బిన పొట్ట, తెల్లబడిన చిగుళ్లు కనిపిస్తే ఆ రోజు కూడా ఆగకూడదు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కళాశాలల ఆస్పత్రులు ఆ చుట్టుపక్కల వాళ్లకు అందుబాటులో ఉన్నాయి. వెళ్లేముందు అది గిన్నె దగ్గర ఏం చేస్తోందో ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకుంటే మేలు. ఆస్పత్రి బల్ల మీద బెదిరి బిగుసుకుపోయిన కుక్కలో కనిపించనిది ఆ వీడియోలో కనిపిస్తుంది. ముందు పళ్లు చూడాలా, కిడ్నీ పరీక్ష రాయాలా అన్నది డాక్టరుకు దాన్నిబట్టే తేలొచ్చు.