చేతికి తెడ్లు కట్టుకుంటే

పిల్లలూ! మానేరు ఒడ్డు పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్ళను, మీకు ఈత ఎక్కడ వచ్చిందని అడిగి చూడండి. చాలామంది "మోటబావిలో" అంటారు. మా బావ కూడా అలా నేర్చినవాడే. ఎండకాలం సెలవులు రాగానే వీపుకు ఎండిన సొరకాయ బుర్రో, బెండు కట్టో కట్టి అతన్ని బావిలో దింపేవారట. నడుముకు తాడు ఉండేది. దాని రెండో కొస గట్టుమీద తాత చేతిలో ఉండేది. పిల్లవాడికి కాళ్ళూ చేతులూ ఆడిన కొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేసేవారు. చివరికి ఒకనాడు వీపున ఏమీ లేకుండానే బావ తేలాడు.

ఆ బావకు ఇప్పుడు నలభైఅయిదేళ్ళు దాటాయి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని డాక్టరు దగ్గరికి వెళితే, ఏదైనా వ్యాయామం చెయ్యమన్నాడు. "నాకు ఈత ఉండగా వేరే వ్యాయామం ఎందుకు?" అని బావ కరీంనగర్‌లో ఈత కొలనుకు వెళ్ళటం మొదలుపెట్టాడు. నాలుగోనాడు ఇంటికి వస్తూ రెండు ప్లాస్టిక్ పలకలు తెచ్చాడు. అరచేతికంటే పెద్దవి, రబ్బరు పట్టీలతో చేతికి తగిలించుకునేవి. వాటిని హ్యాండ్ ప్యాడిల్స్ అంటారు. మనం చేతి తెడ్లు అందాం.

నా మేనకోడలు ఆరో తరగతి చదువుతున్నది. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "మామా, పడవకు తెడ్డు కావాలి గాని బాపుకు ఎందుకు?" అని అడిగింది.

నేను దాన్ని పెరట్లో గోలెం దగ్గరికి తీసుకుపోయాను. ఈ పని మీరూ చెయ్యవచ్చు. చేతిని కత్తిలా నిలువుగా పెట్టి నీటిలో లాగండి, సుళువుగా వస్తుంది. అరచెయ్యి అడ్డంగా పెట్టి లాగండి. నీరు ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు ఒక పళ్ళెం పట్టుకుని లాగండి. చూశారా, భుజం దాకా తెలుస్తుంది! నీటికి అడ్డుపడే వైశాల్యం పెరిగితే ఎదురుబలమూ పెరుగుతుంది. ఇంకో తమాషా ఏమంటే, అదే పళ్ళేన్ని రెండింతలు వేగంగా లాగితే బలం రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు కావాలి. ఈతగాడు నీటిని వెనక్కు నెట్టి తాను ముందుకు పోతాడు గనక, ఎక్కువ నీరు చేతికి దొరికితే వేగం వస్తుంది. బాతు కాలివేళ్ళ మధ్య తోలు ఉన్నది అందుకే. (మొసలికి కూడా వెనకకాలి వేళ్ళ మధ్య తోలు ఉన్నది. కాని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల హద్దున, మంథనికి దగ్గరి శివారం దగ్గర గోదావరిలో ఉన్న మొసళ్ళు వేగంగా పోయేటప్పుడు కాళ్ళు ఒంటికి అదుముకుని తోకతోనే ఈదుతాయి. దగ్గరికి పోయి చూడనక్కరలేదు!)

చేతి తెడ్లు నిన్న మొన్నటివి కావు. గాలిపటంతో పిడుగును పరీక్షించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు విన్నారు కదా. ఆయన 1706లో అమెరికాలోని బోస్టనులో పుట్టాడు. చిన్నతనంలో కోడిగుడ్డు ఆకారంలో రెండు పలకలు తానే చేసుకున్నాడు. ఒక్కొక్కటి 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు. బొటనవేలికి ఒక కన్నం. అంటే పెద్దవాళ్ళ చేతికి కూడా దాదాపు రెండింతలన్నమాట. 1773లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయన ఈ సంగతి చెప్పాడు. వాటితో వేగంగా ఈదిన మాట నిజమే గాని, మణికట్లు అలిసిపోయాయట. అంత గొప్పవాడూ ఆ రెండో మాట దాచలేదు.

మా బావ మాత్రం మొదటి మాటే విన్నాడు. అయిదోనాడు తెడ్లు తగిలించుకుని, కుర్రవాళ్ళతో సమానంగా కిలోమీటరు ఈదాడు. 25 మీటర్ల కొలనులో అది 40 దరులు. దరికి 20 బారలు చొప్పున లెక్క వేసుకోండి: 800 బారలు, ఒక్కొక్క చేతికి 400. ఆ 400 సార్లూ గోలెంలో పళ్ళెం లాగినట్టే! ఆ రాత్రి కుడి చెయ్యి తలకు ఎత్తి దువ్వుకోలేకపోయాడు.

ఇందులో తప్పు ఎక్కడుందో తెలియాలంటే భుజం సంగతి తెలియాలి. తుంటి కీలులో ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలో ఆ గుండుకు ఉన్నది గిన్నె కాదు, సాసరు. అందువల్లనే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. అందువల్లనే జారిపోయే భయమూ ఉన్నది. దాన్ని పట్టి ఉంచేవి ముఖ్యంగా నాలుగు చిన్న కండరాలు. కండరాన్ని ఎముకకు కట్టే గట్టి నారను స్నాయుబంధనం అంటారు. ఆ నారల్లో ఒకటి, భుజంమీద కప్పులా ఉన్న ఎముక కింద ఇరుకుసందులోంచి పోతుంది. చెయ్యి ఎత్తి బార వేసిన ప్రతిసారీ అక్కడ రాపిడికి అవకాశం ఉన్నది.

వ్యాయామం మళ్ళీ మొదలుపెడితే కండరాలకు కొద్ది వారాల్లో బలం వస్తుంది. నారలకు రక్తప్రసారం తక్కువ. అవి గట్టిపడటానికి నెలలు పడుతుంది. మనిషికి "నాకు బలం వచ్చింది" అనిపించే రోజుకు నార ఇంకా సిద్ధంగా ఉండదు. చేతి తెడ్డు మోసం చేసేది సరిగ్గా అప్పుడే.

నొప్పి తగ్గేదాకా డాక్టరు తెడ్లు ముట్టుకోవద్దన్నాడు. ఆ తరవాత కొలనులో ఈత నేర్పే పెద్దాయన బావను దగ్గర కూర్చోబెట్టుకుని, "బావిలో మీకు బెండ్లు ఒకేసారి తీశారా?" అని అడిగాడు.

"లేదు, ఒక్కొక్కటే తీశారు."

"వీటిని కూడా అలాగే కొంచెం కొంచెం కలుపుకోవాలి."

ఆరువారాలపాటు వారానికి మూడురోజులు ఉత్త చేతులతో ఈదాలన్నాడు. అరగంట ఈది, మర్నాడు భుజం నొప్పి లేకపోతేనే తెడ్ల మాట. అవి కూడా చేతికంటే ఒక వేలెడు మాత్రమే పెద్దవి, నీరు పోయేందుకు కన్నాలున్నవి. మొదట ఒళ్ళు వేడెక్కేదాకా ఈది, తరవాత తెడ్లతో నాలుగు దరులు, దరిదరికీ విశ్రాంతి. ఎంత అలవాటయినా, ఆనాటి ఈతలో అయిదోవంతు దాటకూడదు. భుజంలో పోటు పుడితే దరి మధ్యలోనైనా తీసెయ్యాలి. బార వేసేటప్పుడు వేళ్ళు ముందుగా, భుజానికి ఎదురుగా నీటిలో దిగాలి. చెయ్యి తలకు అడ్డంగా రెండో వైపుకు పోకూడదు. జనం ఎక్కువున్నప్పుడు తెడ్లు వద్దు. వాటి అంచు పక్కవాడి ముక్కుకు తగిలితే పెద్ద గొడవే.

నాకు బాగా నచ్చింది మరొకటి. మణికట్టు పట్టీ తీసేసి, నడిమివేలి పట్టీ ఒక్కటే ఉంచమన్నాడు. చెయ్యి వంకరగా దిగితే నీటి తోపుకు తెడ్డు ఊడి వస్తుంది. గురువు గట్టుమీద లేకపోయినా తప్పు తెలుస్తుందన్నమాట!

"మరి నాకో?" అన్నది మేనకోడలు.

"నీ ఎముకల చివర్లు ఇంకా పెరుగుతున్నాయమ్మా, మెత్తగా ఉన్నాయి. ఇవి పెద్దవాళ్ళవి. పైగా ఇవి బెండ్లు కావు, మనిషిని తేల్చవు. బావికీ నదికీ తీసుకుపోయే వస్తువులు కావు," అన్నాడాయన.

దానికి కొంచెం కోపం వచ్చింది. అందుకని ఇంకో పని అప్పగించారు. ఇప్పుడు ప్రతి ఆదివారం గట్టుమీద కూర్చుని బాపు వేసే బారలు లెక్కపెడుతుంది. మొదటివారం దరికి 24. మొన్న 20 అయ్యాయి, అదీ ఉత్త చేతులతోనే. ఆరువారాలు కావటానికి ఇంకా పదిరోజులున్నాయి. తెడ్లు దాని బడిసంచీలో ఉన్నాయి. బాపు అడిగినా ఇవ్వటం లేదు.