హక్కు కాగితం మీద, విత్తనం కంపెనీ చేతిలో

తమిళనాడులోని తిరునిన్రవూరులో రైలెక్కి తిరువళ్లూరు వైపు రెండు స్టేషన్లు వెళ్తే సెవ్వాపేట. ఆ పక్కనే తిరూర్ ప్రభుత్వ వరి పరిశోధనా కేంద్రం. అక్కడ పుట్టిన టి.కె.ఎం.6 వరి ఫిలిప్పీన్స్ చేరి, 1969లో విడుదలైన ఐ.ఆర్.20కి జన్మనిచ్చిన రకాల్లో ఒకటైంది. ఐ.ఆర్.20కి కాండం తొలిచే పురుగును తట్టుకునే గుణం టి.కె.ఎం.6 నుంచి వచ్చిందే. ప్రజల డబ్బుతో పుట్టిన ఆ విత్తనాన్ని రైతు గరిసెలో దాచుకున్నాడు, పొరుగువాడికిచ్చాడు, మళ్లీ విత్తాడు. ఎవడికీ కప్పం కట్టలేదు.

ఇవాళ వంగ, బెండ, సొర విత్తనాలకు కొట్టుకు వెళ్లండి. ముందు చూపించేది ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు వంశాలను కలిపి పుట్టించిన తొలి తరం విత్తనం, పొట్లమే. ఆ పంట గింజ తీసి విత్తితే మరుసటి తరం ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. కాబట్టి ఏటేటా మళ్లీ కొనాల్సిందే. వ్యాపారి లాభం ఆ కట్టడిలోనే ఉంది!

స్వేచ్ఛగా పరాగ సంపర్కం జరిగే రకాలు అలా కాదు. తేనెటీగలు, గాలి పుప్పొడి మోస్తాయి. వేరే రకం పొలానికి దూరంగా వేసి, తేడా మొక్కలు పీకేసి, పది కాదు, వీలైనన్ని మంచి మొక్కల నుంచి గింజ తీస్తే రకం నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మన నేలకు, మన వానకు అలవాటుపడుతుంది.

హైబ్రిడ్ దిగుబడి ఎక్కువంటారు. చాలా పంటల్లో నిజమే. మరి దేశవాళీ రకాలను మెరుగుపరచడానికి అంత డబ్బు, అంత శ్రద్ధ ఎవరు పెట్టారు? పత్తినే చూడండి. అమెరికా, ఆస్ట్రేలియా పురుగును తట్టుకునే బీటీ జన్యువును గింజ తీసి విత్తినా గుణం మారని సూటి రకాల్లో పెట్టాయి. 2002లో మన దగ్గర దాన్ని హైబ్రిడ్లలోనే దించారు. పొట్లం ధర మండిపోతే 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి 750 రూపాయలకు దించాల్సి వచ్చింది.

విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకిచ్చింది. దాచుకుంటే నిలవని గింజను చేతిలో పెట్టి, దాచుకునే హక్కు ఉందనడం మోసం కాదా?

రైతన్నా, ఈ పంటకు హైబ్రిడ్ కాని రకంలో మేలైన మొక్కల మీద కాయలు విత్తనానికి వదులు. తిరూర్ వరికి చేసినట్టే కూరగాయల్లోనూ మళ్లీ విత్తుకోగల రకాలు ఇమ్మని ప్రభుత్వాన్ని నిలదీయి. విత్తనం చేజారిన రైతు సొంత పొలంలోనే కౌలుదారు.