కోసిన కాయకు ఊపిరాడే చొక్కా

తీగ నుండి తెంపినంత మాత్రాన కీర దోసకాయ చచ్చిపోదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని, తనలో దాచుకొన్న చక్కెరలను ఖర్చు చేసుకొంటూ, బొగ్గుపులుసు వాయువునూ వేడినీ వెలుపలికి విడుస్తూ మరికొన్నాళ్లు బ్రతుకుతుంది. తీగతో బంధం తెగిపోయింది గనుక ఒంట్లోంచి ఆవిరైపోయిన నీటిని తిరిగి తెచ్చుకొనే దారి మాత్రం దానికి లేదు. కాయ బరువులో నూటికి 95 పాళ్లు నీరే. అందులో ఏ కాస్త తరిగినా తొక్క ముడుతలు పడుతుంది. కొనవచ్చినవాడు ఒకసారి నొక్కి చూచి ప్రక్కన పెట్టేస్తాడు.

తమలపాకులను తడి అరటాకుల నడుమ పేర్చి దూరపు సంతలకు పంపే వర్తకులకు ఈ రహస్యం ఏనాడో తెలుసు. ఐరోపాలో అరటాకు చేసే పనిని ప్లాస్టిక్ పొర చేస్తున్నది. స్పెయిన్‌లో పండిన కీర దోసకాయలు ఒక్కొక్కటీ పలుచని పొరను తొడుక్కొని స్విట్జర్లాండ్ అంగళ్లకు చేరుకొంటాయి. ఆ పొరలు చెత్తబుట్టల్లో పేరుకోవడం చూచినవారికి కోపం రావడం సహజమే. 2022లో ఆ దేశపు ‘ఎంపా’ పరిశోధన సంస్థ ఆ కోపాన్ని లెక్కగట్టి చూచింది. దోసకాయ వల్ల ప్రకృతిపై పడే మొత్తం భారంలో పొర వాటా నూటికి ఒక వంతేనని తేలింది. వాడిపోయి పారవేసిన ఒక్క కాయ చేసే నష్టం 93 పొరలు చేసే నష్టానికి సమానమట! పెట్టిన నీరు, వేసిన ఎరువు, లారీ త్రాగిన డీజిలు అన్నీ ఆ కాయతోపాటే బుట్టలోకి పోతాయి మరి.

కనుక ప్లాస్టిక్‌కు బదులుగా వచ్చేది కాయను దానంత బాగానూ కాపాడవలసి ఉన్నది. ఇది చెప్పినంత సులభం కాదు. గాలి బొత్తిగా ఆడకుంటే కాయ లోలోపల పులిసి కంపు కొడుతుంది. ధారాళంగా ఆడితే వడలిపోతుంది. పైగా పచ్చిబఠాణీ గబగబా ఊపిరి పీలుస్తుంది, బంగాళాదుంప నిదానంగా పీలుస్తుంది. ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు.

మొక్క నుండి పొర తీయడం కొత్త విద్యేమీ కాదు. జ్యూరిచ్‌లో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు జాక్ బ్రాండెన్‌బర్గర్ ఒక భోజనశాలలో బల్లగుడ్డ మీద ద్రాక్షసారా ఒలకడం చూచి, మరక అంటని బట్టను తయారు చేయబూనాడని చెబుతారు. కలపలోని సెల్యులోజును ద్రవంగా మార్చి పూస్తే బట్ట అట్టలా బిరుసెక్కింది. పూత మాత్రం గాజులాంటి పొరగా ఊడివచ్చింది. ఆయన బట్టను వదలి పొరను పట్టుకొన్నాడు. 1908 నాటికి దానిని తీసే యంత్రం సిద్ధమైంది. అదే సెలోఫేన్. నీటిని ఆపేదిగాని నీటి ఆవిరిని ఆపలేకపోయేది. 1927లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో విలియం హేల్ చార్చ్ దానికొక పలుచని పూత పూసి ఆ లోటు తీర్చాడు. అటుపై పెట్రోలియం నుండి తీసిన చవక పొరలు వచ్చి దానిని మూలకు నెట్టాయి.

మొక్క నుండి పుట్టినదల్లా ఇట్టే మట్టిలో కలుస్తుందనుకోవడమూ పొరపాటే. మొక్కజొన్న పిండి నుండి చేసే పాలీలాక్టిక్ ఆమ్లపు పొర పెరటి ఎరువుగుంటలో అంత సులభంగా కరగదు; దానికి సుమారు 60 డిగ్రీల వేడి నిలిపే ఎరువు కర్మాగారం కావాలి.

ఎంపా శాస్త్రజ్ఞులు మళ్లీ సెల్యులోజునే ఆశ్రయించారు. ఈసారి కలపకు మారుగా, పండ్లనూ కూరగాయలనూ రసం పిండగా మిగిలిన పిప్పిని తీసుకొన్నారు. లిడ్ల్ అంగళ్ల స్విట్జర్లాండ్ శాఖ వారికి తోడయింది. పిప్పిలోని సెల్యులోజును కంటికానని సన్నని నారలుగా విడదీసి, ఆ ద్రవాన్ని కాయలపై చల్లుతారు, లేదా కాయలనే అందులో ముంచి తీస్తారు. పొరపాటున కడుపులోకి పోయినా హాని లేదు. పూత పూసిన అరటిపండ్లు మామూలు పండ్లకంటె వారానికి పైగా ఎక్కువ నిలిచాయి. కీర దోసకాయలూ మరింత కాలం తాజాగా ఉన్నాయి. వాటి చొక్కా విప్పడానికి కత్తెరతో పని లేదు. కుళాయి క్రింద పెడితే చాలు.