విండోస్ 11కి మారగానే వైఫై మాయం.. తప్పు ఎవరిది? షాపుకి వెళ్లే ముందు ఇవి చూడండి

రాత్రి పడుకునే ముందు ల్యాప్‌టాప్‌లో అప్‌గ్రేడ్ బటన్ నొక్కారు. పొద్దున లేచి చూస్తే కొత్త విండోస్ వచ్చింది.. కానీ కింద మూలన ఉండాల్సిన వైఫై గుర్తు లేదు. ఫోన్‌లో అదే వైఫై బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పదింటికి ఆఫీస్ మీటింగో, పిల్లాడి ఆన్‌లైన్ పరీక్షో ఉంది. ఏం చేయాలని ఫోన్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే సలహా.. కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోండి అని. ల్యాప్‌టాప్‌లో నెట్టే లేనప్పుడు డౌన్‌లోడ్ ఎలా?

ఈ తలనొప్పి ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 2015 జులై నుంచి పదేళ్లు నడిచిన సిస్టమ్ అది. ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావని స్క్రీన్ మీద హెచ్చరిక కనిపిస్తే ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఆరేడేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లు కూడా విండోస్ 11 వైపు కదిలాయి. దెబ్బ తగులుతున్నది ఎక్కువగా వాటికే.

అసలు లోపల ఏం జరుగుతోంది?

ల్యాప్‌టాప్‌లో వైఫై అంటే ఓ చిన్న కార్డు. దాని చిప్‌ని ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ లాంటి కంపెనీలు తయారు చేస్తాయి. ఆ చిప్‌కి, విండోస్‌కి మధ్య దుబాసీ లాంటి సాఫ్ట్‌వేరే డ్రైవర్. అప్‌గ్రేడ్ తర్వాత పాత డ్రైవర్ కుదరకపోయినా, దాని బదులు విండోస్ వేరే డ్రైవర్ పెట్టేసినా కార్డు మూగబోతుంది. కార్డు బాగానే ఉంటుంది, మాట్లాడించేవాడే ఉండడు.

చిక్కంతా ఇక్కడే. చిప్ ఒకరిది, ల్యాప్‌టాప్ ఇంకొకరిది, విండోస్ మూడోవారిది. పాత మోడల్‌కి కొత్త డ్రైవర్ ఇవ్వడానికి ల్యాప్‌టాప్ కంపెనీకి పెద్దగా ఆసక్తి ఉండదు, ఎందుకంటే వాళ్లకి కావాల్సింది మీరు కొత్తది కొనడం. చివరికి ఖర్చు పడేది అప్‌గ్రేడ్ నొక్కినవాడి మీదే.

ఇలా జరగడం కొత్తేం కాదు. 2015లో విండోస్ 8.1 నుంచి 10కి మారినవాళ్లలో కొందరికి వైఫై నెట్‌వర్క్‌లు అసలు కనిపించలేదు. కొత్త సిస్టమ్‌కి సరిపడని పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మిగిలిపోవడమే కారణమని మైక్రోసాఫ్టే చెప్పింది. 2023 డిసెంబర్‌లో ఇంకోటి జరిగింది. విండోస్ 11కి వచ్చిన ఓ నెలవారీ అప్‌డేట్ తర్వాత కొన్ని ల్యాప్‌టాప్‌లు యూనివర్సిటీ, ఆఫీస్ వైఫైలకు కనెక్ట్ కాలేదు. ఇంటి వైఫైకి మాత్రం పెద్దగా ఇబ్బంది రాలేదు. అప్‌డేట్‌లోని ఆ మార్పుని మైక్రోసాఫ్ట్ వెనక్కి తీసుకుంది. తమాషా ఏంటంటే ఆ సవరణ కూడా నెట్ ద్వారానే రావాలి! ఇక యాపిల్ వాళ్లేమీ మినహాయింపు కాదు. 2024 సెప్టెంబర్‌లో మ్యాక్ఓఎస్ సెకోయా రాగానే కొన్ని సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు, వీపీఎన్‌లు ఉన్న మ్యాక్‌లలో నెట్ మొరాయించింది. తర్వాతి చిన్న అప్‌డేట్‌లో సర్దుబాటు చేశారు.

మరి నెట్ లేకుండా డ్రైవర్ ఎలా?

చాలామందికి తట్టని దారి చేతిలోనే ఉంది. ఫోన్ చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోటే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, ఆన్ చేయండి. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది అయ్యుండాలి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది చాలదు. మామూలు హాట్‌స్పాట్ ఇక్కడ ఉపయోగపడదు, ఎందుకంటే దానికీ ల్యాప్‌టాప్ వైఫై కావాలి. కేబుల్ ద్వారా అయితే వైఫై కార్డుతో పనే లేదు. నెట్ వచ్చాక ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి వైఫై డ్రైవర్ దించుకోండి. విండోస్ 11ది లేకపోతే విండోస్ 10ది వేసి చూడండి, చాలాసార్లు పనిచేస్తుంది. ఇంటెల్ కార్డు అయితే ఇంటెల్ సైట్‌లోనే నేరుగా దొరుకుతుంది. ముక్కూ మొహం తెలియని డ్రైవర్ అప్‌డేటర్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

అంతకంటే ముందు ఒక్కసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, పాత స్థితిని దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే సమస్య డ్రైవర్ దగ్గరే అనుకోవచ్చు. అక్కడే రోల్ బ్యాక్ డ్రైవర్ అనేది నొక్కే వీలుంటే ముందు అది ప్రయత్నించండి. నెట్‌వర్క్ పేర్లు కనిపిస్తున్నా కనెక్ట్ కాకపోతే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి, పాత వీపీఎన్ ఉంటే తీసేయండి. స్లీప్ నుంచి లేచాక మాత్రమే పోతుంటే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ టిక్ తీసేస్తే సరిపోవచ్చు. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరి అస్త్రం. అది చేస్తే సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి.

ఇవేవీ పనిచేయకపోతే ఓ గడువు గుర్తుంచుకోండి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీలో గో బ్యాక్ అనే దారి ఉంటుంది. మీ ఫైళ్లు అలాగే ఉండి పాత విండోస్ తిరిగొస్తుంది. అయితే స్పేస్ చాలట్లేదని పాత విండోస్ ఫైళ్లు డిలీట్ చేసేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ముందు ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోవడం ఎందుకైనా మంచిది.

టీపీఎం 2.0 లేని, మైక్రోసాఫ్ట్ జాబితాలో లేని ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించుకున్నవాళ్లకు కష్టం ఇంకా ఎక్కువ. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని కంపెనీ ముందే చెప్పింది. వాళ్లకు తొందర అవసరం లేదు, విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్ ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే అక్కడ బ్యాకప్ షరతు కూడా ఎత్తేశారు. మన దగ్గర అడిగినవాళ్లు లేరేమో!

చివరగా షాపు సంగతి. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో రిపేర్ షాపుకి వెళ్లినా వైఫై కార్డు పోయిందంటే వెంటనే తలూపకండి. కార్డు డివైస్ మేనేజర్‌లో కనిపిస్తోందా అని అడగండి. ఫార్మాట్ చేస్తామంటే ముందు డేటా కాపీ చేసి ఇమ్మనండి. కార్డు నిజంగానే పోయినా కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌తో పని జరుగుతుంది. కొనేముందు విండోస్ 11లో పనిచేస్తుందో లేదో బాక్స్ మీద చూసుకోండి.